వాతావరణ శాఖ చెప్పేది మన పొలానికి, మన ఇంటికి వాడుకోవడం ఎలా

2023 డిసెంబర్ లో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది కదా, ఆ వారం మా ఇంట్లో ఏం జరిగిందో ముందు చెప్తాను, నేను ఇదంతా రాయడానికి కారణం అదే. మాది రేపల్లె వైపు, ఐదెకరాల వరి. ఒకటో తారీఖున బంగాళాఖాతంలో వాయుగుండం అని బులెటిన్ వచ్చేసరికి రెండెకరాలు కోసి పనల మీద (కట్టలు కట్టకుండా చేలోనే పరిచి) ఉంది, మూడెకరాలు నిలబడి ఉంది. కూలీలు దొరికారు కదా మిగతాది కూడా కోయించేద్దాం అన్నాడు నాన్న. నేను బులెటిన్ మొత్తం చదివి వినిపించాను, కోత ఆపండి, కోసింది కుప్పేసి పట్టా కప్పండి, చేలో నీళ్ళు బయటికి పోయేలా కాలవలు తీయండి అని ఉంది అందులో, కాసేపు ఆలోచించి సరే అన్నాడు. ఐదో తారీఖున తుఫాను దాటింది. నిలబడ్డ చేను పడిపోయింది, దిగుబడి తగ్గింది, అది కాదనను, కానీ కుప్పలో ఉన్న రెండెకరాల గింజ దక్కింది. పక్క చేలో పనల మీదున్న వరి నీళ్ళలో నాని మొలకలొచ్చేసింది. ఆ రైతు మాకంటే ఎక్కువ కష్టపడే మనిషి, ఆయన ఫోన్లో చూసిన ఎవరిదో వీడియోలో తుఫాను ఇటు రాదు అన్నారంట, అదే నమ్మాడు.

ఆయన దగ్గరా ఫోన్ ఉంది, మా దగ్గరా ఫోన్ ఉంది. తేడా అంతా ఎక్కడ చూడాలి, చూసిన మాటకి అర్థం ఏంటి అన్న దగ్గరే ఉంది. శాటిలైట్లు, రాడార్లు, సూపర్ కంప్యూటర్లు, ఊరూరా వర్షం కొలిచే మనుషులు, వీటన్నిటికీ డబ్బు మన పన్నుల నుంచే పోతుంది, 2024 సెప్టెంబర్ లో వాతావరణ అంచనాలని మెరుగుపరిచే మిషన్ మౌసమ్ అనే ఒక్క పథకానికే 2,000 కోట్లు కేటాయించారు. అంత పెట్టి తయారు చేసింది ఫ్రీగా ఇస్తుంటే వాడుకోకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది, అందుకే వాతావరణం మారిపోతున్న ఈ రోజుల్లో దీన్ని ఎలా చదవాలో నాకు తెలిసినంత రాస్తున్నాను.

ముందు ఫోన్లో మూడు యాప్ లు పెట్టుకోండి, మూడూ ప్రభుత్వానివే. మౌసమ్ అనేది మామూలు అంచనాలకి, మేఘదూత్ అనేది రైతులకి (తెలుగు పెట్టుకుని మీ జిల్లా ఎంచుకుంటే పంట సలహాలు కూడా వస్తాయి), దామిని అనేది పిడుగులకి. దామిని పూణెలో ఉన్న ఐఐటీఎం (కేంద్ర ప్రభుత్వ వాతావరణ పరిశోధన సంస్థ) వాళ్ళు చేశారు, మీ చుట్టుపక్కల పిడుగులు పడుతుంటే చూపిస్తుంది. పొలంలో పని చేసేవాళ్ళ ఫోన్లో, గొర్రెలు మేకలు తోలుకెళ్ళే వాళ్ళ ఫోన్లో ఇది ఉండి తీరాలి, అది మోగగానే చెట్టు కిందకి కాకుండా పక్కా బిల్డింగ్ లోకి వెళ్ళాలని కూడా వాళ్ళకి చెప్పండి. ఇవి కాక అమరావతి వాతావరణ కేంద్రం, హైదరాబాద్ వాతావరణ కేంద్రం రోజూ ఇచ్చే బులెటిన్లు వాళ్ళ సైట్లలోనే ఉంటాయి. వాట్సాప్ లో తిరిగే ఫోటో మీద తారీఖు, టైం లేకపోతే దాన్ని నమ్మకండి, పోయిన ఏడాది మ్యాపులు కూడా తిరుగుతుంటాయి.

ఇప్పుడు అసలు విషయం, మాటలు. బులెటిన్ లో ప్రతి మాటకీ ఒక లెక్క ఉంటుంది, మనం మామూలు మాటలనుకుని దాటేస్తాం. "ఒకటి రెండు చోట్ల వర్షం" అంటే ఆ ప్రాంతంలో వర్షం కొలిచే స్టేషన్లలో పావు వంతు లేదా అంతకంటే తక్కువ చోట్ల పడుతుందని. "కొన్ని చోట్ల" అంటే 26 నుంచి 50 శాతం, "చాలా చోట్ల" అంటే 51 నుంచి 75 శాతం, "దాదాపు అన్ని చోట్ల" అంటే 76 శాతం పైన. కాబట్టి ఒకటి రెండు చోట్ల అని చెప్పినప్పుడు మీ ఊళ్ళో పడకపోతే వాతావరణ శాఖ అబద్ధం చెప్పిందని కాదు, నాలుగు ఊళ్ళలో మూడింటికి పడకపోవచ్చని వాళ్ళే ముందే చెప్పారు. నేను ఈ ఒక్క సంగతి తెలుసుకున్నాకే అంచనాల మీద కోపం పోయింది.

అలాగే ఎంత వర్షం అనేదానికి కూడా లెక్కుంది. 24 గంటల్లో 15.5 మిల్లీమీటర్ల లోపు తేలికపాటి వర్షం, 15.6 నుంచి 64.4 దాకా మోస్తరు, 64.5 నుంచి 115.5 దాకా భారీ, 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ, ఆ పైన అత్యంత భారీ. ఒక మిల్లీమీటర్ అంటే చదరపు మీటరుకి ఒక లీటరు నీళ్ళు, ఎకరానికి సుమారు 4,000 లీటర్లు. అంటే భారీ వర్షం కనీసం పడినా ఎకరానికి రెండు లక్షల అరవై వేల లీటర్లు, అవి మీ చేలోంచి ఎటు పోతాయో వర్షం రాకముందే చూసుకోవాలి. ఇంకోటి, వాళ్ళ రోజు మన రోజు ఒకటి కాదు, వర్షం లెక్క ఉదయం 8:30 నుంచి మర్నాడు ఉదయం 8:30 దాకా. రాత్రి కురిసిన వాన మర్నాటి తారీఖు మీద కనపడుతుంది, పేపర్లో చూసి మా ఊళ్ళో పడిన రోజు తప్పు వేశారు అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, అది తప్పు కాదు.

రంగులు కూడా అంతే. ఆకుపచ్చ అంటే హెచ్చరిక ఏం లేదు, పసుపు అంటే గమనిస్తూ ఉండండి, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే ఇక కదలండి, ఇంట్లో అంతా అదే రంగు పేరుతో మాట్లాడుకోవడం మంచిది. మేమైతే ఆరెంజ్ వస్తే గొడ్లని మెరక మీదున్న పెదనాన్న వాళ్ళ కొట్టంలోకి మారుస్తాం, ఎరుపు దాకా ఆగం, ఎరుపు వచ్చాక ట్రాక్టర్ దొరకదు. మీరు కూడా ఏ రంగుకి ఏం చేయాలో తీరిగ్గా ఉన్న రోజు కూర్చుని రాసి గోడకి అంటించుకోండి, గాలి మొదలయ్యాక ఆలోచించడం కుదరదు.

ఇక ఎంత ముందుగా చెప్పేదాన్ని ఏ పనికి వాడుకోవాలి అనేది. ఏప్రిల్ లో వచ్చే రుతుపవనాల అంచనా (మే చివర్లో మళ్ళీ సవరిస్తారు) దేశం మొత్తానికి, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మొత్తం కలిపి చెప్పేది. సగటు 87 సెంటీమీటర్లు, దాంట్లో 96 నుంచి 104 శాతం పడితే సాధారణం అంటారు. దీన్ని చూసి మీ పొలంలో ఏం వేయాలో నిర్ణయించొద్దు. 2023 చూడండి, 96 శాతం అన్నారు, చివరికి 94 శాతం పడింది, అంకె దగ్గరగానే ఉంది, కానీ అదే ఏడాది ఆగస్టు నెల 1901 నుంచి లెక్కలున్న ఆగస్టులన్నిటిలోకి ఎండిపోయిన ఆగస్టు. మొత్తం సరిపోయినట్టే కనపడుతుంది, మధ్యలో నెల రోజులు చేను ఎండిపోతుంది. ఎండిన చేనుకి సీజన్ సగటుతో పని లేదు కదా.

దానికంటే పనికొచ్చేది ప్రతి గురువారం వచ్చే నాలుగు వారాల అంచనా. ఏ వారం మామూలు కంటే ఎక్కువ, ఏ వారం తక్కువ అని మ్యాప్ ఇస్తారు, మొదటి రెండు వారాలని కొంచెం గట్టిగా పట్టుకోవచ్చు, మూడు నాలుగు వారాలు మొగ్గు ఎటు ఉందో చూడ్డానికే. విత్తనం వేయాలా ఇంకో వారం ఆగాలా, రెండో దఫా యూరియా ఎప్పుడు వేయాలి, చెరువు కింద నీళ్ళు ఎంత దాచుకోవాలి, ఇలాంటి వాటికి నేను దాన్నే చూస్తాను. ఇంకోటి, వచ్చే మూడు గంటల కోసం ఇచ్చే తక్షణ హెచ్చరిక ఉంటుంది, రాడార్ చూసి ఇస్తారు, మనకి విశాఖ, మచిలీపట్నం, హైదరాబాద్ లలో వాన మబ్బుల కదలికని చూపే డాప్లర్ రాడార్లున్నాయి. కళ్ళంలో ఆరబోసిన మిర్చి మీద పట్టా కప్పాలా వద్దా అనేదానికి అది సరిపోతుంది.

రైతులకి వీటన్నిట్లో ముఖ్యమైంది ప్రతి మంగళవారం, శుక్రవారం వచ్చే వ్యవసాయ వాతావరణ సలహా. అంచనా ఇచ్చేది వాతావరణ శాఖ, దాన్ని పంట భాషలోకి మార్చేది వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఉన్న యూనిట్లు, మనకి అనకాపల్లి, అనంతపురం, తిరుపతి, తెలంగాణలో రాజేంద్రనగర్, జగిత్యాల ఇలాంటి చోట్ల ఉన్నాయి. వచ్చే ఐదు రోజుల వాన, గాలి, తేమ, దాన్నిబట్టి మందు కొట్టొచ్చా, ఎరువు వేయొచ్చా, ఏ తెగులు వచ్చే అవకాశం ఉంది అని రాస్తారు. చదివేటప్పుడు ముందు గాలి, తేమ అంకెలు చూడండి, తర్వాత సలహా చదవండి, అప్పుడు ఆ సలహా ఎందుకిచ్చారో మీకే అర్థమవుతుంది, రెండు మూడు నెలల్లో మీరే సగం ముందే చెప్పగలుగుతారు. తడిసిన వరి మొలకెత్తకుండా లీటరు నీళ్ళకి 50 గ్రాముల ఉప్పు కలిపి పనల మీద కొట్టమనే సలహా తుఫాను తర్వాత వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేదే, మామూలు కల్లుప్పు, ఎన్ని చేలల్లో గింజని కాపాడిందో.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇంతకుముందు కృషి విజ్ఞాన కేంద్రాల్లో జిల్లా స్థాయి యూనిట్లు కూడా ఉండేవి, దేశం మొత్తం మీద 199, మండలాల స్థాయిలో సలహాలు తయారు చేసేవి, వాటిని 2024 లో మూసేశారు. నాకు ఇది చాలా తప్పు అనిపించింది, కోట్లు పెట్టి అంచనా తయారు చేశాక దాన్ని రైతు చేతికిచ్చే మనిషిని తీసేస్తే ఎలా. మీ జిల్లాలో మళ్ళీ కావాలనుకుంటే మీ ఎంపీకి ఉత్తరం రాయండి, ఏ పంటకి ఏ సలహా అందక ఎంత పోయిందో అంకెలతో రాయండి, ఉత్తరం ఒక పేజీ దాటకుండా.

తుఫానుల సంగతికొద్దాం, కోస్తా వాళ్ళకి ఇది ప్రాణం మీద మాట. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్తారు, దాదాపు పది వేల మంది పోయారు. 2014 అక్టోబర్ 12 న హుద్ హుద్ విశాఖ మీదకే వచ్చింది, నగరం నగరమే చిందరవందర అయింది కానీ పోయిన ప్రాణాలు పదుల్లో ఆగాయి, ఎందుకంటే ఎక్కడ దాటుతుందో రోజుల ముందే చెప్పారు, లక్షల మందిని తరలించారు. మధ్యలో వచ్చిన మార్పు శాటిలైట్లు, రాడార్లు, ఫోన్లు, తుఫాను షెల్టర్లు. 2024 ఫిబ్రవరిలో శ్రీహరికోట నుంచి పంపిన ఇన్సాట్ 3డీఎస్ అనే వాతావరణ శాటిలైట్ కి ఖర్చు మొత్తం కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖే పెట్టింది, మన తుఫాను ఫోటోలు వచ్చేది ఇలాంటి వాటి నుంచే.

తుఫాను బులెటిన్ లో పేర్లు గాలి వేగాన్నిబట్టి మారతాయి. గాలి గంటకి 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 50 దాటితే తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుఫాను, 89 దాటితే తీవ్ర తుఫాను, 118 దాటితే అతి తీవ్ర తుఫాను. పేరు చిన్నదని వర్షం చిన్నది అనుకోవద్దు, వాయుగుండాలు కూడా ఊళ్ళకి ఊళ్ళు ముంచుతాయి, 2024 సెప్టెంబర్ మొదట్లో విజయవాడలో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు అది తుఫాను కాదు, వాయుగుండమే. మ్యాప్ లో గీత చుట్టూ ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే బాట ఉంటుంది చూడండి, తుఫాను కన్ను ఆ బాటలో ఎక్కడైనా ఉండొచ్చని అర్థం, మధ్య గీత మీదే పోతుందని కాదు. మీ ఊరు ఆ బాట అంచులో ఉన్నా మధ్యలో ఉన్నట్టే సిద్ధం కండి, వాన, గాలి ఆ బాట బయటికి కూడా వస్తాయి. పోర్టులో ఎగరేసే నంబర్లు, 1, 2 దూరంగా ఏదో ఉందని, 3, 4 ఇక్కడ వాతావరణం పాడవుతుందని, 5 నుంచి 7 ప్రమాదం, 8 నుంచి 10 పెను ప్రమాదం, 11 వేస్తే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని.

మత్స్యకారులకి హైదరాబాద్ ప్రగతి నగర్ లో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార కేంద్రం ఉంది, 1999 లో పెట్టారు, సునామీ హెచ్చరికలు ఇచ్చేది కూడా వాళ్ళే. సముద్రం లేని ఊళ్ళో సముద్రం ఆఫీసు ఏంటని మొదట్లో నేనూ అనుకున్నాను, వాళ్ళ పని అంతా శాటిలైట్ల మీద, సముద్రంలో వదిలిన తేలే పరికరాల మీద నడుస్తుంది. నీళ్ళ వేడి, నీళ్ళలో పచ్చదనం చూసి చేప ఎక్కడ చేరే అవకాశం ఉందో చెప్తారు, మీ రేవు నుంచి ఎంత దూరం, ఏ దిక్కు, ఎంత లోతు అని. డీజిల్ ఆదా అయ్యేది అక్కడే. మబ్బు పట్టిన రోజుల్లో శాటిలైట్ కి నీళ్ళు కనపడవు కాబట్టి ఆ సమాచారం రాకపోవచ్చు. వాళ్ళు అలల ఎత్తు కూడా ఇస్తారు, వేటకి బయలుదేరే ముందు చేపల సమాచారం కంటే దాన్నే ముందు చూడండి, వాళ్ళ సముద్ర అనే యాప్ లో రెండూ ఉంటాయి.

ఎండలు. 2015 మే లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా వడదెబ్బకి పోయారు, ఎక్కువగా ఎండలో పని చేసేవాళ్ళు, ముసలివాళ్ళు. మైదాన ప్రాంతంలో 40 డిగ్రీలు దాటి మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువుంటే వడగాడ్పు అంటారు, తేడా 6.4 దాటితే తీవ్ర వడగాడ్పు, అదికాక మామూలు ఎంతున్నా సరే 45 దాటితే వడగాడ్పే. కోస్తాలో 37 నుంచే లెక్క మొదలవుతుంది. రెండు స్టేషన్లలో వరసగా రెండు రోజులు ఉంటే రెండో రోజు ప్రకటిస్తారు, కాబట్టి ప్రకటన వచ్చేసరికి ఒక రోజు ఎండ అప్పటికే తగిలి ఉంటుంది, మీరు అంచనా అంకెలు చూసి ముందే పని వేళలు మార్చుకోండి. ఆ డిగ్రీలు కూడా నీడలో, గాలి ఆడే చెక్క పెట్టెలో, నేలకి నాలుగడుగుల ఎత్తున కొలిచినవి. రేకుల షెడ్డు కింద, తారు రోడ్డు మీద మీకు తగిలేది అంతకంటే చాలా ఎక్కువ. తెలంగాణలో 2023 లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చారు, పైకప్పుకి తెల్ల పూత వేయమని, రేకుల ఇంట్లో ఉండేవాళ్ళు పెద్ద ఖర్చు లేకుండా చేయగలిగిన పని అది, సున్నం వేసినా తేడా తెలుస్తుంది.

చాలామందికి తెలియని ఇంకో సంపద ఉంది, జిల్లా వ్యవసాయ ఆకస్మిక ప్రణాళికలు. హైదరాబాద్ సంతోష్ నగర్ లో క్రీడా అని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది, వాళ్ళు విశ్వవిద్యాలయాలతో కలిసి దేశంలో 600 కి పైగా జిల్లాలకి తయారు చేశారు, సైట్ లో ఫ్రీగా దొరుకుతాయి. రుతుపవనాలు రెండు వారాలు లేటైతే ఏం వేయాలి, నాలుగు వారాలైతే, ఆరైతే, ఎనిమిదైతే ఏం వేయాలి, పూత దశలో వాన ఆగితే ఏం చేయాలి, వరద వస్తే గొడ్లకి ఏం చేయాలి అని నేల రకాన్నిబట్టి పట్టికలుంటాయి. కొత్త జిల్లాల పేరుతో వెతికితే దొరక్కపోవచ్చు, పాత ఉమ్మడి జిల్లా పేరుతో వెతకండి. ఇంగ్లీషులో ఉంటాయి, ఇంట్లో చదువుకునే పిల్లలుంటే మీ నేలకి సంబంధించిన రెండు పేజీలు తెలుగులో రాయించి పెట్టుకోండి. ఖరీఫ్ కి ముందు ఒక్క పూట కూర్చుంటే చాలు, ఆ లేటు విత్తనాలు ఎక్కడ దొరుకుతాయో కూడా అప్పుడే అడిగి పెట్టుకోవచ్చు, ఎందుకంటే ఆగస్టులో అందరూ ఒకేసారి ఉలవల కోసం తిరిగితే దొరకవు. ఇదే క్రీడా వాళ్ళు 2019 లో 573 గ్రామీణ జిల్లాలకి వాతావరణ మార్పు ముప్పు ఎంతో లెక్కగట్టారు, వాటిలో 109 చాలా ఎక్కువ ముప్పు, 201 ఎక్కువ ముప్పు అని తేలింది, మీ జిల్లా ఎక్కడుందో చూసుకోండి.

మా ఊళ్ళో వాతావరణం నిజంగా మారిందా అని మీకే చూడాలనుంటే అది కూడా చేయొచ్చు. వాతావరణ శాఖ పూణె ఆఫీసు 1901 నుంచి రోజువారీ వర్షం డేటా, దేశం మ్యాప్ ని గడులుగా విడగొట్టి ఇస్తుంది, ఒక్కో గడి సుమారు 27 కిలోమీటర్లు, ఉష్ణోగ్రత 1951 నుంచి ఉంది, ఇంకా పెద్ద గడులు. ఫైళ్ళు నేరుగా ఎక్సెల్ లో తెరుచుకోవు, పైథాన్ అనే కంప్యూటర్ భాష తెలిసిన వాళ్ళుంటే ఐఎండీలిబ్ అనే ఫ్రీ టూల్ తో మీ గడి బయటికి తీసిస్తారు. తీశాక ఏడాది మొత్తం వర్షం ఒక్కటే చూడకండి, రోజుకి 2.5 మిల్లీమీటర్లు దాటిన రోజులెన్ని, 64.5 దాటిన రోజులెన్ని, జూన్ సెప్టెంబర్ మధ్య వాన లేకుండా వరసగా ఎన్ని రోజులు, ఈ మూడూ లెక్కేయండి. 1961 నుంచి 1990 దాకా ఒక సగటు, 1991 నుంచి 2020 దాకా ఒక సగటు తీసి పక్కపక్కన పెట్టండి, ముప్పై ఏళ్ళ కంటే తక్కువ చూస్తే ఒకటి రెండు కరువు సంవత్సరాలే లెక్కని తిప్పేస్తాయి. దేశం మొత్తానికైతే 2020 లో భూవిజ్ఞాన శాఖ ఇచ్చిన నివేదికలో ఉంది, 1901 నుంచి 2018 మధ్య మన సగటు ఉష్ణోగ్రత 0.7 డిగ్రీలు పెరిగింది, 1951 నుంచి 2015 మధ్య హిందూ మహాసముద్రం ఉష్ణమండల భాగం ఉపరితలం ఒక డిగ్రీ వేడెక్కింది, అదే కాలంలో రుతుపవనాల వాన సుమారు 6 శాతం తగ్గింది. మీ గడి దీనికి భిన్నంగా ఉంటే ఆశ్చర్యపోకండి, దేశం సగటు వేరు మీ ఊరు వేరు.

మండలం స్థాయి వర్షం కావాలంటే రెండు రాష్ట్రాల ప్రణాళికా విభాగాల ఆటోమేటిక్ స్టేషన్ల డేటా ఉంది, తెలంగాణలోనే వెయ్యికి పైగా స్టేషన్లున్నాయి. పాత లెక్కలు సైట్ లో దొరక్కపోతే 10 రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. స్టేషన్ పేరు, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా, మిల్లీమీటర్లలో అని స్పష్టంగా రాయండి, "మా ఊరి వర్షం వివరాలు" అని రాస్తే తిప్పి పంపుతారు. పంట బీమా ఉన్నవాళ్ళకి ఈ కాగితం చాలా పనికొస్తుంది, దానికితోడు వడగళ్ళు, ముంపు లాంటి నష్టం జరిగిన 72 గంటల్లో తెలియజేయాలన్న రూలు కూడా గుర్తుంచుకోండి.

చివరిగా మీ ఇంట్లోనే ఒక వర్షం కొలిచే డబ్బా పెట్టుకోండి. అడుగు నుంచి పై దాకా ఒకే వెడల్పున్న ఏ పాత్రైనా సరే, వాలు గోడలున్న బకెట్ పనికిరాదు. చెట్టుకి, గోడకి దూరంగా, మట్టి చిమ్మకుండా కొంచెం ఎత్తులో కదలకుండా పెట్టి, ఉదయం 8:30 కి లోపల స్కేలు పెట్టి నీళ్ళ ఎత్తు మిల్లీమీటర్లలో చూసి, రాసి, పారబోయాలి. వాన లేని రోజు కూడా సున్నా అని రాయాలి, ఖాళీ వదిలేస్తే తర్వాత అది సున్నానో మర్చిపోయారో తెలియదు. పక్కన బులెటిన్ లో ఏం చెప్పారో ఒక గడి, మనం ఏం చేశామో ఇంకో గడి. మా ఇంట్లో 2024 జూన్ లో మొదలుపెట్టాం, మొదట్లో నేను రాసేదాన్ని, ఇప్పుడు నాన్నే రాస్తున్నాడు, ఎనిమిదిన్నరకి టీ పక్కన పెట్టి మరీ స్కేలు తీసుకుని వెళ్తాడు.